బాలి అలల మీద మా అమ్మాయి

మా అమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడాది మధ్యలో చెన్నై హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "ఏం లేదు నాన్నా, వెళ్ళాలనిపించట్లేదు" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. గుడివాడలో మా ఇంటి వెనక గది దానిది. కిటికీలు మూసుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం పళ్ళెం లోపలికి ఎలా వెళ్ళిందో దాదాపు అలాగే బయటికి వచ్చేది.

అవనిగడ్డ నుంచి మా ఆవిడ అన్నగారు చూడటానికి వచ్చి, నన్ను వరండాలోకి పిలిచాడు. "ఎవరైనా కుర్రాడున్నాడేమో కాస్త కనుక్కోకూడదా, బావా" అన్నాడు. కుర్రాడుంటే బాగుండునని నేనూ చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళి మాట్లాడటానికి కనీసం ఒక మనిషంటూ ఉండేవాడు. విజయవాడలో డాక్టరుగారు మందులు రాసి, టైం పడుతుందండీ అన్నారు. మా ఆవిడ మోపిదేవి వెళ్ళి మొక్కుకుని వచ్చింది. నేను రోజూ ముదినేపల్లి వెళ్ళి చేపల చెరువులు చూసుకుని, ఇంటికి రాగానే ముందు ఆ గది తలుపు వంక చూసేవాణ్ణి.

ఒకసారి బందరులో చుట్టాల పెళ్ళికి ఎలాగో బతిమాలి తీసుకెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ, "మంగినపూడి దాకా వెళ్ళొద్దామండీ, దానికి గాలి తగులుతుంది" అంది. బీచ్ దగ్గర కారు ఆపితే, ఎవరూ దిగమనకుండానే అమ్మాయి దిగింది. ఇసుకలో నిలబడి చాలాసేపు సముద్రం వంక చూసింది.

"ఇక్కడ అలలు చాలవు నాన్నా" అంది.

"దేనికమ్మా?"

"సర్ఫింగ్‌కి."

కారెక్కాక ఫోను తీసి మాకు చూపించింది. తన వయసు పిల్లే ఎవరో, పొడుగాటి బోర్డు మీద నిలబడి, ఇంటి ఎత్తు అల మీంచి జారుకుంటూ వస్తోంది. అలాంటి వీడియోలు ఎన్నో దాచుకుంది. ఆ చీకటి గదిలో ఇన్నాళ్ళూ చూస్తున్నది ఇవన్నమాట. మా ఆవిడ ఫోను చూడలేదు, పిల్ల ముఖమే చూస్తూ కూర్చుంది. అది నేర్పే చోటు ఎక్కడుందని అడిగాను. చాలా చోట్ల ఉంది, బాలి అయితే బాగుంటుందంది. పాస్‌పోర్టులు రాగానే బయల్దేరాం.

చిన్నప్పటి నుంచీ చెరువుల్లో పీకల్లోతు నీళ్ళలో తిరిగినవాణ్ణే గానీ, సముద్రంలో మోకాళ్ళు దాటి ఎప్పుడూ దిగలేదు. బాలిలో మొదటి రెండు రోజులూ వాన. ఒడ్డున ఎర్ర జెండాలు పాతి ఎవర్నీ దిగనివ్వలేదు. అమ్మాయి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "రేపటికి తగ్గుతుందా నాన్నా?" అని అడిగింది. మా ఆవిడ నన్ను లోపలికి లాక్కెళ్ళి, "అడుగుతోంది చూశారా" అని గుసగుసగా అంది.

మూడో రోజు తెరిపిచ్చింది. నేర్పే అతను ముందు ఇసుకలోనే బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, ఒక్క ఊపున లేచి నిలబడటం నేర్పాడు. తర్వాత నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. భయపడుతూనే నేనూ నడుం దాకా దిగి నిలబడ్డాను. అమ్మాయి పడింది. ఉప్పునీళ్ళు ఉమ్మేసి మళ్ళీ బోర్డు పట్టుకుంది. మళ్ళీ పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. అయినా వదల్లేదు. ఇంత పట్టుదల ఎక్కడ దాచుకుందా అనిపించింది.

ఆఖరికి అతను వెనక నుంచి బోర్డును ఒక అల మీదికి తోశాడు. అమ్మాయి మోకాళ్ళ మీద లేచి, అక్కణ్ణుంచి కాళ్ళ మీద నిలబడింది. చేతులు చాపుకుని, నా పక్క నుంచే ఒడ్డు దాకా వెళ్ళిపోయింది. నేనేమని అరిచానో నాకే తెలియదు. మా ఆవిడ ఏడుస్తూ వీడియో తీయడం వల్ల అందులో సముద్రమంతా ఊగుతూ ఉంటుంది.

నేనూ ఒడ్డుకొచ్చాక, అమ్మాయి బోర్డు అతనికి ఇచ్చేసి, థాంక్స్ చెప్పి, తువ్వాలు కప్పుకుని మా పక్కన కూర్చుంది.

"ఇంకోసారి వెళ్తావా తల్లీ?"

"వద్దు నాన్నా."

"అలిసిపోయావా?"

"లేదు. నిలబడితే ఏదో అనిపిస్తుందనుకున్నా. ఏమీ అనిపించలేదు. మీరిద్దరూ ఏడుస్తూ నవ్వుతూ ఉంటే చూస్తూ ఉన్నా, అంతే."

తనకు కన్నీళ్ళు కూడా రాలేదు. మా ఆవిడ ఫోను సంచిలో పెట్టేసింది.

తర్వాత అమ్మాయి నీళ్ళలోకి దిగలేదు. గదిలో కర్టెన్లు మూసి పడుకుంది. ఒంటరిగా వదలాలంటే భయం వేసి, మేమిద్దరం ఒకరి తర్వాత ఒకరం కిందికి వెళ్ళి తినొచ్చేవాళ్ళం. తినే చోటు నుంచి సముద్రం కనిపించేది. ఆకాశం తేటపడింది. అలలు అచ్చం తను వీడియోల్లో చూపించినట్టే వస్తున్నాయి.

కానీ అమ్మాయి అల మీద నిలబడ్డప్పుడు తీసిన వీడియో మా ఆవిడ అప్పటికే చుట్టాలందరికీ పంపేసింది. ఇంటికి రాగానే అవనిగడ్డ బావ ఫోను చేశాడు. "చూశాం బావా, పిల్ల గట్టిపడింది. ఇక కాలేజీకి పంపించెయ్యి."

"చూద్దాం బావా" అన్నాను.

డాక్టరుగారు మందులు మార్చారు, తర్వాత మళ్ళీ మార్చారు. అమ్మాయి ఆ గదిలోనే ఉంది. బాలి వెళ్ళక ముందు, తనకేం కావాలో తెలిస్తే చాలు, ఏమైనా చేసి తెచ్చిపెట్టొచ్చు అనుకునేవాణ్ణి. ఆ ఆశ మీదే రోజులు గడిచేవి. తెలిసింది, ఇచ్చాం, అయిపోయింది. ఇప్పుడు వెతకాల్సింది ఏమిటో కూడా తెలియడం లేదు.

మొన్న మా ఆవిడ దానికి తల దువ్వుతూ అడిగింది. "ఈసారి కొండల వైపు ఎక్కడికైనా వెళ్దామా?"

"మీకు వెళ్ళాలనుంటే వెళ్దాం అమ్మా" అంది అమ్మాయి, మెల్లగా.

మా కోసం తను ఎక్కడికైనా వస్తుందని నాకర్థమైంది. మా ఆవిడకూ అర్థమైనట్టుంది. చిక్కులన్నీ పోయిన జుట్టునే ఇంకా దువ్వుతూ ఉంది. నేను చెప్పులు వేసుకుని చెరువుల దగ్గరికి బయల్దేరాను.