అన్నిటికీ ఒప్పుకున్న పిల్లలు

నా ప్రశ్నావళి మీద నాకు మొదటి నుంచీ గట్టి నమ్మకం. రాజమండ్రిలో లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూనే సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి, తొంభైల చివర. పీజీ పిల్లలు చదువులో ఒళ్ళు మరిచిపోయేంతగా ఎప్పుడు లీనమవుతారు, తమ ఆలోచన ఎటు పోతోందో తామే ఎంతవరకు కనిపెట్టుకోగలరు అన్నది నా అంశం. ఇంగ్లీషు ప్రశ్నావళుల్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే చదివేవాళ్ళకి నిద్రొస్తుందని నాకు తెలుసు. అందుకే వాక్యాలన్నీ సొంతంగా రాసుకున్నాను. ఇక అవి కొలవాల్సిన దాన్నే కొలుస్తున్నాయని రుజువు చెయ్యాలి. అదయితేనే థీసిస్. అదీ మా గైడుగారు రిటైరయ్యేలోగా అవ్వాలి, లేకపోతే ఇంకో గైడు కోసం మళ్ళీ గుమ్మాలు ఎక్కి దిగాలి.

ప్రతి వాక్యం పక్కన ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ వరకు గళ్ళుంటాయి. మనిషి చదివే టిక్కు పెడుతున్నాడా లేదా తెలియడానికి కొన్ని వాక్యాల్ని తిరగేసి కూడా రాస్తాం. ఒకచోట ‘చదువుతుంటే టైమే తెలియదు’ అని ఉంటే, ఇంకోచోట ‘పుస్తకం పడితే మాటిమాటికీ గడియారం చూస్తాను’ అని ఉంటుంది. రెండింటికీ ఒకే మనిషి ఔననడం కుదరదు.

మా పిల్లలకి కుదిరింది. క్లాసుకి క్లాసే అన్నిటికీ పూర్తిగా అంగీకరించేసింది. కాగితాలు తిరగేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చదవకుండా గీకి పారేశారనుకున్నాను. మొగల్తూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ముందు బెంచీలో కూర్చునేది, వాళ్ళది చేపల వ్యాపారం. మంచి బుర్ర ఉన్న పిల్ల. పిలిచి ఆ రెండు వాక్యాలూ చూపించాను.

“ఇదేంటమ్మా, చదవలేదా?”

“అయ్యో, చదివానండి. రెండేసిసార్లు చదివానండి.”

“మరి టైమ్ తెలియదంటావు, గడియారం చూస్తానంటావు. ఏది నిజం?”

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ నవ్వింది. “గడియారమేనండి. కానీ మీరంత కష్టపడి రాసుకొచ్చారు కదా మేడమ్. మీ మొహం మీదే కాదంటే ఏం బాగుంటుందండి?”

నేను మాత్రం ఎక్కడి దాన్ని? పెళ్ళి భోజనంలో కడుపు నిండిపోయినా ఇంకో బూరె వేయించుకునే ఊళ్ళలో పుట్టినదాన్నే. వడ్డించేవాళ్ళని కాదనడం మాకు చేతకాదు. ఈ పిల్లలు నా వాక్యాల్ని కూడా బూరెల్లాగే వేయించుకున్నారు.

గైడుగారు లెక్కలు చూసి తేలిగ్గా తేల్చేశారు. “ఆ తిరగేసినవి తీసెయ్యమ్మా. మిగతావాటి జవాబులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి.”

కలుస్తాయి, నిజమే. అందరూ అన్నిటికీ ఔనంటే కలవక ఏం చేస్తాయి? అది పిల్లల మర్యాదని కొలిచినట్టు, చదువుని కాదు. ఈ మాట ఆయనతో అనలేదు. “చూస్తానండి” అని వచ్చేశాను.

దారి క్యాంటీన్లో దొరికింది. నాకు ఎదురుచెప్పలేని ఆ పిల్లలే అక్కడ ఇద్దరు సినిమా హీరోల్లో ఎవరు గొప్పని బల్లలు గుద్ది వాదించుకుంటున్నారు. టీచర్ని కాదనలేరు గానీ ఇద్దరిలో ఒకరి పక్షం చేరమంటే క్షణం ఆలోచించరు. నేను వెంటనే ఇంటికెళ్ళి వాక్యాలన్నీ తిరగరాశాను. ‘ఒక స్టూడెంటుకి చదువుతుంటే టైమే తెలియదు. ఇంకో స్టూడెంటు మాటిమాటికీ గడియారం చూస్తుంది. మీరు ఎవరిలాంటివారు?’ ఇందులో నన్ను కాదనాల్సిన పని లేదు.

మళ్ళీ పంచాను. ఈసారి జవాబులు రకరకాలుగా వచ్చాయి. మొగల్తూరు అమ్మాయి జంకు లేకుండా గడియారం పక్కకి చేరిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాకపోతే పని మళ్ళీ మొదటికొచ్చింది. తణుకు, భీమవరం కాలేజీలకి కూడా తిరగాలి, కొన్ని వారాలాగి అదే పిల్లలకి ఇంకోసారి ఇచ్చి చూడాలి. ఏడాది పని. గైడుగారికి అంత సర్వీసు లేదు.

ఆయన పాత కాగితాలూ కొత్తవీ, రెండు కట్టలూ చూశారు. మొహం ఎర్రబడింది.

“పాతదే సర్దుకునుంటే నేనుండగానే డాక్టరేట్ చేతికొచ్చేది కదా. నేను వెళ్ళిపోయాక నిన్నెవరు పట్టించుకుంటారు? ఏం, నేను చెప్పింది తప్పా?”

‘అబ్బే, లేదండి’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపేశాను.

“తప్పేనండి” అన్నాను.

ఆయన పాత కట్టని పక్కకి నెట్టారు. తర్వాత కొత్త కట్ట దగ్గరికి లాక్కుని, పై కాగితం మీద సంతకం పెట్టారు.

“వచ్చే గైడుతో నేను మాట్లాడతాలే” అన్నారు. “నా పీహెచ్‌డీ అప్పుడు మా సారు కూడా తిరగేసిన వాక్యాల్ని ఇలాగే తీసెయ్యమన్నారమ్మా. అలాగేనండి అని తీసేశాను. డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆ ప్రశ్నావళిని మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా ఎవరికీ ఇవ్వడానికి మనసొప్పలేదు.”