చీఫ్ గారి చరిత్ర పాఠం, పిల్లల బిట్ బ్యాంక్

కోవిడ్ ఆంక్షలు తొలగిన తర్వాతి సెప్టెంబరులో నన్ను కమ్యూనిటీ విభాగానికి మార్చారు. అప్పుడు నేను కెనడాలోని ఆంటారియోలో, సార్నియాకు గంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణ పోలీసు శాఖలో సార్జెంటుని. కానిస్టేబుల్‌కు పైన, స్టాఫ్ సార్జెంటుకు కింద. అంటే కిందివాళ్లతో పని చేయించాలి, పైవాళ్లకు సంజాయిషీ చెప్పాలి. ఊళ్లోని కాలేజీ అప్పటికే తెలుగు పిల్లలతో నిండిపోయింది. శాఖలో తెలుగు వచ్చినది నాకొక్కదానికే.

అదే నెలలో కొత్త చీఫ్ వచ్చారు. ఇంగ్లండ్‌లో ఒక జిల్లా పోలీసు దళంలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. అక్కడ దళాధిపతిని చీఫ్ కానిస్టేబుల్ అంటారు. ఎంత ఎత్తుకెళ్లినా తానూ కానిస్టేబులేనని మరచిపోకూడదనే ఆ పేరు పెట్టారని ఆయన గర్వంగా చెప్పేవారు. ఆ దళం చరిత్ర ఆయనకు కంఠోపాఠం. పోలీసుల చరిత్ర తెలిస్తే కొత్త విద్యార్థులకు పోలీసులంటే భయం పోతుందని ఆయన నమ్మకం.

కాలేజీలో గంటన్నర చెప్పారు. మొదటి అధిపతి, సైన్యం నుంచి వచ్చిన కెప్టెన్, చేర్చుకున్నవాళ్లలో సగం మందిని తాగుడు కారణంగా తీసేశాడు. రెండో ఆయన మీసాలు నిషేధించాడు. మూడో ఆయన మీసాలు తప్పనిసరి చేశాడు. నాలుగో ఆయన దళానికి సైకిళ్లు తెప్పించాడు గానీ తాను తొక్కడం నేర్చుకోలేదు. ఇలా తొమ్మిదిమంది. చివర్లో, ముఖంలో నవ్వన్నది లేకుండా, దీని మీద తర్వాత పరీక్ష ఉంటుందన్నారు.

అది ఇంగ్లీషువాళ్ల హాస్యం. తెలుగులో సారాంశం చెప్పే పని నాది. ఆ మాటనూ ఆయనంత గంభీరంగానే చెప్పేశాను. ఒక్కరూ నవ్వలేదు. కొందరు పెన్నులు తీశారు. శ్రద్ధ అనుకున్నాను.

మూడు వారాల తర్వాత నవీన్ అనే కరీంనగర్ విద్యార్థి స్టేషన్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"నమస్తే ఆంటీ... సారీ, మేడమ్. ప్రీవియస్ పేపర్లు ఏమన్నా ఉన్నాయా?"

"ఏం పేపర్లు?"

"పోలీస్ ఎగ్జామ్‌వి మేడమ్. వర్క్ పర్మిట్‌కి అప్లై చేసేటప్పుడు అడుగుతరంట గదా. సీనియర్లు బిట్ బ్యాంక్ చేసిన్రు. నెగెటివ్ మార్కింగ్ ఉందో లేదో మాత్రం ఎవ్వరికీ తెల్వదు."

ఫోన్ చూపించాడు. 'మీసాలను నిషేధించిన అధిపతి: ఎ) మొదటి, బి) రెండవ, సి) మూడవ, డి) పైవారెవరూ కాదు.' పక్కన ఎర్రగా, వెరీ ఇంపార్టెంట్.

పెన్ను పడిపోయినట్టు నటించి, కౌంటర్ కింద వంగి నవ్వుకున్నాను. లేచేసరికి అతను గొంతు తగ్గించాడు.

"ఎగ్జామ్ పాస్ కాకముందే కంప్లైంట్ ఇస్తే ఇమిగ్రేషన్ ఫైల్‌ల పడ్తదా మేడమ్? మా పైపోర్షన్‌ల ఉండే స్రవంతి అడగమన్నది."

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

స్రవంతిది ఒంగోలు. సైకిల్ మీద పనికి వెళుతుంటే ఒక పికప్ ట్రక్కు గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది. మణికట్టు విరిగింది. ఇలా ప్రమాదం చేసి నిలబడకుండా పోవడాన్ని ఇక్కడి చట్టంలో 'ఫెయిల్ టు రిమెయిన్' అంటారు. ఇలాంటి కేసుల్లో ప్రతి గంటా విలువైనదే, బండి రిపేరుకు వెళ్లిందంటే సాక్ష్యం పోయినట్టే. అప్పటికి నాలుగు రోజులైంది.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి కుడిచేతికి కట్టుతో సోఫాలో ఉంది. యూనిఫాం చూడగానే లేచి నిలబడింది.

"మేడమ్, ఆరుగురు చీఫ్‌ల దాకే చదివానండీ. మిగతా ముగ్గురినీ ఈ వీకెండ్ కంప్లీట్ చేసేస్తాను."

"కూర్చో అమ్మా. పరీక్షా లేదు, ఏమీ లేదు. ఆయన జోక్ చేశారు. నేనే సరిగ్గా చెప్పలేదు."

"జోకా?" నన్ను తేరిపార చూసింది. "ఈ నొప్పితో, ఎడమచేత్తో నోట్స్ రాసుకున్నానండీ!" అని ఏడుపూ నవ్వూ ఒకేసారి తెచ్చుకుంది.

వాంగ్మూలం రాసుకున్నాను. బండి నంబరు అడిగితే హాల్ టికెట్ నంబరు చెప్పినట్టు తడుముకోకుండా చెప్పింది. నంబరు ద్వారా యజమాని ఇల్లు తెలిసింది. మా కానిస్టేబుల్ వెళ్లేసరికి అతను వాకిట్లో, కొత్త హెడ్‌లైట్‌ను డబ్బాలోంచి తీస్తున్నాడు. పాతది ఇంకా పగిలే ఉంది. కేసు నిలబడింది.

చీఫ్ గారికి మొదట నా తప్పు చెప్పాను, తర్వాత మిగతాది. ఆయన బిట్ బ్యాంక్‌ను ఇంగ్లీషులో రాసిమ్మని అడిగి, గది తలుపు వేసుకున్నారు. అరగంటకు బయటికి వచ్చి, తనకే ఏడు ప్రశ్నలు తప్పాయని ఒప్పుకున్నారు. మరుసటి వారం మళ్లీ కాలేజీకి వెళ్లాం. ఈసారి ఆయన ప్రసంగం మూడు నిమిషాలు: ప్రమాదం జరిగితే ఫోన్ చేయండి, బాధితులు ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసాకు ముప్పు రాదు, పరీక్ష లేదు. వెనక వరుసలో ఒకమ్మాయి లేచి, ఇది కూడా సిలబస్‌లో ఉందా సర్ అని అడిగింది. చీఫ్ ఏదో అనబోయి, నావైపు చూసి, లేదు అని మాత్రం అన్నారు.

తనను ఈ దేశంలో ఉండనిస్తారో లేదో తెలియని మనిషికి యూనిఫాం వేసుకున్నవాళ్ల జోకు ఉత్తర్వులాగే వినిపిస్తుంది. ఆ తర్వాత నా దగ్గరికి శిక్షణకు వచ్చిన ప్రతి కానిస్టేబుల్‌కూ ఒకటే చెప్పాను. కొత్తవాళ్లకు ముందు ఫిర్యాదు ఎలా ఇవ్వాలో చెప్పండి, చరిత్ర వాళ్లు అడిగితే చెప్పండి. నేను రిటైరయ్యేదాకా ఎవరూ అడగలేదు.