మంజుల మమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన శనివారం

2022 వేసవి. కర్ణాటకలో పాత బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా పరపతి సహకార సంఘంలో అకౌంట్స్ గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయింది. ఆ సంఘానికి నేను సెక్రటరీని. అంటే ఆఫీసు బాధ్యత అంతా నాదే. సంఘం సభ్యులది. వాళ్లు దాచుకున్న డబ్బు వాళ్లకే అప్పుగా ఇస్తాం. అధ్యక్షుడినీ డైరెక్టర్లనీ వాళ్లే ఎన్నుకుంటారు. జీతానికి పనిచేసే వాళ్లం పదహారు మందిమి.

మా ఊళ్లో ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చాడు. నాన్న కూడా గనిలోనే చేశాడు. ఇల్లు, ఆసుపత్రి, బడి అన్నీ కంపెనీవే. జీతం తక్కువైనా జ్వరం వస్తే చూసుకునే దిక్కు ఉందనేది మా అమ్మ ధైర్యం. గనులు మూసేశాక ఆ లెక్కలన్నీ పోయాయి. ఏ ఉద్యోగం దొరికినా అదృష్టమే అన్న స్థితికి వచ్చాం. దొరికిన చోట ఏమిస్తారని అడగడం పొగరుగా కనిపించేది. నేనూ అలా చేరినదాన్నే. సంఘంలో పంతొమ్మిదేళ్లయినా నాకు రావలసినవి ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంటర్వ్యూలకు అధ్యక్షుడు మునివెంకటప్ప గారు, నేను కూర్చున్నాం. ఆయన హైస్కూలు టీచరుగా రిటైరై, ఊళ్లో రాగులు పండించుకునే మనిషి. నిజాయితీపరుడు, కానీ ఎదురు ప్రశ్న వేస్తే ముఖం ముడుచుకుంటాడు. ఏడుగురు వచ్చారు. చివర్లో ప్రతి ఒక్కరినీ మామూలుగా అడిగాం, మీరేమైనా అడగాలా అని. ఆరుగురూ లేదన్నారు. ఏడో మనిషి మంజుల. ఇరవై ఏడేళ్లుంటాయి, బీకాం చదివింది. కోలారు దగ్గర నరసాపురంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది.

ఆమె బ్యాగులోంచి చిన్న కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. ప్రావిడెంట్ ఫండ్ కడతారా? గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు దాటి పనిచేసిన వాళ్లకు వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తం, ఉందా? ఏడాదికి ఎన్ని రోజులు సెలవు? జీతం పెంచేది ఎవరు, దేన్ని చూసి పెంచుతారు? ఈ కుర్చీలో ఇంతకు ముందున్నాయన ఎందుకు మానేశాడు?

ప్రావిడెంట్ ఫండ్ ఉందని చెప్పాను. మిగిలిన వాటికి నా దగ్గర సరైన జవాబు లేదు. పాతాయన రిటైరయ్యాడని మాత్రం గట్టిగా చెప్పగలిగాను. అప్పుడామె, ఒక పూట మీ ఆఫీసులో కూర్చుని చూడవచ్చా అని అడిగింది. ఆమె బయటికి వెళ్లగానే మునివెంకటప్ప గారు నా వైపు తిరిగారు.

“అమ్మా విజయమ్మా, ఈ పాప ఉద్యోగానికి వచ్చిండాదా, సంబంధం చూసేదానికి వచ్చిండాదా?”

నాకూ ఆ క్షణంలో ఆమె మీద కోపం వచ్చింది. కానీ ఆ కోపం ఆమె అడిగినందుకు కాదనీ, నేను చెప్పలేకపోయినందుకనీ తెలుస్తూనే ఉంది. ఇంటర్వ్యూకు ముందు పెట్టిన రాత పరీక్షలో ఏడుగురిలో ఆమెవే ఎక్కువ మార్కులు కూడా. శనివారం రమ్మని చెప్పాను.

శనివారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పది గంటలకే వచ్చింది. నా టేబుల్ పక్కన కుర్చీ వేశాను. మేం రోజూ చేసేదే ఆ రోజూ చేశాం. పదకొండింటికి గుమాస్తా రమేష్‌కి వాళ్ల నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఫోను వచ్చింది. అతను లేచాడు, క్యాషియర్ స్టెల్లా ఏమీ అడగకుండా అతని కౌంటర్ ముందున్న వాళ్లను కూడా తన కిటికీ దగ్గరికి పిలుచుకుంది. మధ్యాహ్నం అందరం డబ్బాలు ఒకే బల్ల మీద పెట్టుకుని తిన్నాం. స్టెల్లా తెచ్చిన చేపల పులుసు మంజుల రెండుసార్లు వేసుకుంది. నాకు గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత ఒక డైరెక్టరు వచ్చి, మా అటెండరును తన ఇంటి గ్యాస్ సిలిండరు తేవడానికి పంపాడు. అటెండరు మారుమాట లేకుండా వెళ్లాడు. మంజుల అదీ చూసింది. అంతవరకూ నాకది చూడదగ్గ విషయంగా కనిపించనే లేదు.

ఆఫీసు మూసే వేళకు, ఏం చూశావమ్మా అని అడిగాను. చూసింది చూసినట్టే చెప్పింది.

“మీ ఆఫీసులో మనుషులు మంచోళ్లక్కా. ఒకరి కష్టం ఇంకొకరు తీసుకుంటారు. మా ఫ్యాక్టరీలో అది లేదు. కానీ ఈడ ఎవరికి ఏం రావాల్నో ఎవరికీ తెలీదు. అంతా పెద్దాయన మనసులో ఉండాది. ఆయన మనసు బాగుండే దినం సరే. బాగలేని దినం మీరేం చేస్తారు?”

ఆమె మళ్లీ గొంతు తగ్గించి చెప్పింది.

“ఇంగొక మాట అక్కా. నాకిప్పుడు నాలుగో నెల. చెప్పకుండా చేరిపోవచ్చు, మా ఆయన అదే అన్నాడు. నాకు మనసొప్పలేదు.”

మొదటి బిడ్డకు మూడేళ్లు. భర్త టెంపో నడుపుతాడు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పదకొండు నెలలకోసారి కొత్తగా రాస్తారు. ఈసారి గడువు కాన్పుకు ముందే ముగుస్తుంది. కడుపుతో ఉన్న మనిషికి మళ్లీ రాస్తారన్న నమ్మకం ఆమెకు లేదు. అలాగని మా దగ్గర సంబళం, అంటే జీతం, అక్కడికంటే నెలకు నాలుగు వేలు తక్కువ. మేం సెలవు ఇవ్వకపోతే అక్కడి జీతమూ ఇక్కడి ఉద్యోగమూ రెండూ పోతాయి. అందుకే అన్ని ప్రశ్నలు.

ఆమె వెళ్లాక ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చున్నాను. నా రెండో కూతురు పుట్టినప్పటి సంగతి గుర్తొచ్చింది. అప్పటి అధ్యక్షుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి సెలవు అడిగాను. ఆయన దయతలచి నలభై రోజులిచ్చాడు, అందులో సగం రోజులకు జీతం లేదు. కుట్లు మానీ మానకముందే పనికి వచ్చాను. వచ్చిన వారం, ఆయన మేలు మరువలేక, శ్రీనివాసపురంలో ఉన్న మా అక్కచేత ఒక బుట్ట మామిడిపళ్లు తెప్పించి ఆయన ఇంటికి పంపాను.

బీరువాలో అడుగున సర్వీస్ రూల్స్ పుస్తకం ఉంటుందని తెలుసు. సిబ్బంది జీతాలు, సెలవులు, క్రమశిక్షణ గురించి సంఘం రాసుకున్న నియమాలవి. కన్నడంలో టైపు చేసిన పాత పుస్తకం. తీసి చదివాను. గ్రాట్యుటీ ఉంది. వాడుకోని సెలవుకు డబ్బు ఇవ్వాలని ఉంది. ప్రసూతికి పన్నెండు వారాలు పూర్తి జీతంతో సెలవు అని ఉంది. కింద ఉన్న సంతకం నేను ఉద్యోగంలో చేరకముందు అధ్యక్షుడిగా ఉన్నాయనది.

ఏడుపు రాలేదు. మామిడిపళ్ల బుట్ట గుర్తొచ్చి సిగ్గేసింది.

సోమవారం మా ఆడిటరుకు ఫోను చేశాను. చట్టం మారిందనీ, ఇప్పుడు ఇరవై ఆరు వారాలనీ, చేరి ఎనభై రోజులు పనిచేసిన మనిషికి ఇవ్వవలసిందేననీ ఆయన చెప్పాడు. మంజుల కాన్పుకు ఇంకా అంతకంటే ఎక్కువే వ్యవధి ఉంది.

ఆ వారం బోర్డు మీటింగులో విషయం పెట్టాను. మంజుల అనుమతి తీసుకుని ఆమె పరిస్థితి కూడా చెప్పాను. ఒక డైరెక్టరు, మూడు నెలలు పనిచేసి ఆరు నెలలు ఇంట్లో కూర్చునే మనిషి మనకెందుకన్నాడు. రెండో స్థానంలో ఉన్న అబ్బాయి ఇంకా తక్కువ జీతానికైనా వస్తాడని ఇంకొకాయన అన్నాడు. వాళ్ల మాటల్లో దుర్మార్గమేమీ లేదు. సంఘం డబ్బు సభ్యులది, జాగ్రత్తగా ఉండాలన్నదే వాళ్ల ఆలోచన. మునివెంకటప్ప గారు కూడా ఆ అబ్బాయికే మొగ్గారు.

పంతొమ్మిదేళ్లలో బోర్డు మాటకు నేను అడ్డు చెప్పింది ఆ రోజే. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను.

“అయ్యా, నేను అప్పుడు దయ అనుకుని పళ్లు పంపించినాను. అది నాకు రావాల్సిందని నాకు తెలీదు. తెలిసినాక కూడా ఈ పాపకు లేదని చెప్పేది నా చేత కాదు.”

మునివెంకటప్ప గారు అద్దాలు పెట్టుకుని, క్లాసులో పాఠం చదివినట్టు ఆ పేజీ పైకి చదివారు. చదివి స్టెల్లాకు కాన్పప్పుడు ఎన్ని రోజులిచ్చామని అడిగారు. రెండు నెలలనీ, అందులో ఒక నెల జీతం కోశామనీ చెప్పాను. ఆ కోత కాగితం మీద సంతకం ఆయనదే.

ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “అయితే తప్పు మనదే. దీన్ని సరి చేసినాకనే ఆ పాప సంగతి మాట్లాడదాం,” అన్నారు.

ఆ మీటింగులోనే స్టెల్లాకు కోసిన జీతం తిరిగి ఇవ్వాలని తీర్మానం రాశాం. సిబ్బందిని డైరెక్టర్ల ఇంటి పనులకు పంపకూడదని కూడా ఒక వాక్యం చేర్చాను. సిలిండరు డైరెక్టరు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, కాదనలేదు. రావలసినవన్నీ ఒక్క కాగితం మీదికి తెచ్చి సిబ్బందికి పంచాలని నిర్ణయించాం. మంజులకు ఉద్యోగం ఇవ్వడానికి చివరికి అందరూ ఒప్పుకున్నారు. మునివెంకటప్ప గారు మాత్రం రెండు వారాలు నాతో పనికి మించి మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక రోజు వచ్చి నా టేబుల్ దగ్గరే టీ తెప్పించుకున్నారు. అంతటితో అది సరిపోయింది.

మంజుల వెంటనే సరే అనలేదు. మేం తయారు చేసి ఇచ్చిన కాగితం ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు చూసుకుంది. నాలుగు వేల తేడాను ఏ సెలవూ పూడ్చదు, ఆ సంగతి నాకూ తెలుసు. మూడో రోజు వచ్చి చేరతానంది. తక్కువ జీతానికి ఎందుకు వస్తున్నావని అడిగాను.

“తెల్లారి ఐదింటికే కంపెనీ బస్సు ఎక్కతాను కదక్కా, బిడ్డ లేచే వేళకు నేను ఇంట్లో ఉండను. ఈడైతే నా చేత్తో తినిపించి వస్తాను. అది సంబళం కాగితంలో యాడా రాయరు. నేనే రాసుకున్నాను.”

మొదటి ఏడాది వాళ్లకు కష్టంగానే గడిచింది. ఆ మాట ఆమె దాచలేదు. కాన్పు అయింది, ఆడపిల్ల. ఇరవై ఆరు వారాలూ ఇంట్లో ఉంది. ఆ ఆరు నెలలూ ఆమె పని నేనూ రమేష్ పంచుకున్నాం, తిట్టుకున్న రోజులూ ఉన్నాయి. తిరిగి వచ్చాక అప్పు వసూళ్ల లెడ్జర్లన్నీ ఆమె కంప్యూటర్లో ఒక దారికి తెచ్చింది. ఇప్పుడు నా తర్వాత సెక్రటరీ కుర్చీలో ఎవరని సభ్యులు అడిగితే ఆమె పేరే చెబుతున్నాను.

పోయిన ఏడాది నేను కూడా నా సెలవుల లెక్క తీసి పదిహేను రోజులు ఒకేసారి వాడుకున్నాను. మామిడి కాపు రోజుల్లో మా అక్క దగ్గరికి వెళ్లి, తోటలో మంచం వేసుకుని పడుకున్నాను. ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. మొదటి రెండు రోజులు దానికి బాధపడ్డాను, తర్వాత హాయిగా నిద్రపోయాను.

జీతం, సదుపాయాలు, ఆఫీసులో మనుషుల తీరు, ఈ మూడూ తూచుకోవడం పొగరు కాదని నాకంటే ఇరవై ఏళ్లు చిన్నదాని దగ్గర నేర్చుకున్నాను. మంచి మనుషులున్న చోట నియమాలతో పనేముందని అనుకునేదాన్ని. మంచి మనుషులమే కలిసి స్టెల్లా జీతం కోశాం.

ఇప్పుడు ఇంటర్వ్యూకు ఎవరొచ్చినా ముందు మా కాగితం వాళ్ల చేతిలో పెడతాను. మొన్న దూరంగా ఆంధ్రా సరిహద్దులో ఉన్న నంగలి నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెలివైన పిల్ల, మాకు బాగా నచ్చింది. కాగితం అంతా చదివి, బస్సు ఖర్చులు, రానుపోను పట్టే సమయం లెక్క వేసుకుని, ఈ సంబళానికి తనకు గిట్టదని నిదానంగా చెప్పింది. సరేనమ్మా అని టీ ఇప్పించి, గేటు దాకా వెళ్లి సాగనంపాను.