ముద్ర పడని వేళ్లు

ఎమ్మిగనూరు రోడ్డులో మా షెడ్డు ఓనరుకు వేలిముద్రలు లేవు. కోత మిల్లుల నుంచి రంపపు పొట్టు తెప్పించి, చర్మాన్ని తినేసే కాస్టిక్ సోడాలో ఉడికించి, తెల్లటి పీచు తీసి అట్టల మిల్లుకు పంపేవాడు. ఉడికిందో లేదో చూడటానికి చిటికెడు పీచును వేళ్ల మధ్య నలిపి ఎండకు ఎత్తి పట్టేవాడు. నల్లటి జిగురు కనబడితే, "ఇంగా కసువుండాది, ఉడకెయ్యండప్పా" అనేవాడు. గ్లౌజులు తొడిగితే నునుపు తెలియదట. మమ్మల్నీ తొడగనిచ్చేవాడు కాదు. బ్యాంకు మిషన్ మీద వేలిముద్ర పడకపోతే, "అరిగిపోయేంత పని చేసినానప్పా" అని గొప్పగా నవ్వేవాడు.

ఒకరోజు డ్రమ్ములో పీచు కలుపుతున్న అక్క కాలు జారింది. ఆదోని నుంచి ఆటోలో వచ్చే మనిషి. రెండు చేతులూ ఉడికే పీచులో పడ్డాయి. ఆమె కేకకు అందరికంటే ముందు ఓనరే పరుగెత్తాడు. నీళ్లు పోస్తాడనుకున్నాను. ఆమె చేతికి అంటుకున్న పీచును గీకి తీసుకుని, నలిపి, ఎండకు పట్టాడు.

"తెల్లగొచ్చినాది. పొయ్యి మంట తీసేయండప్పా."

ఆ తర్వాతే ఆమె వైపు తిరిగాడు. "పని జేసేటప్పుడు యాడ సూస్తాండావు?"

మొన్న ఆదోని రేషను షాపులో ఆమె నా ముందు నిలబడి ఉంది. డీలరు "ఇంగో వేలు పెట్టమ్మా" అంటూ అన్ని వేళ్లూ పెట్టించాడు. ఏదీ పడలేదు. ఖాళీ సంచి మడుచుకుంటూ నన్ను చూసి ఆగింది.

"దీనికి మన ఓనరుకు నవ్వెట్ల వస్తాండె, తమ్ముడా?"