ఇష్బెల్ టేపు

మా వీధిలో బట్టలు కుట్టే ఇష్బెల్‌ని నోట్లో గుండుసూదులూ మెడలో టేపూ లేకుండా నేనెప్పుడూ చూళ్ళేదు. కిల్టు, అదే మగాళ్ళు నడుంకి బిగించుకునే గళ్ళ కుచ్చిళ్ళ లంగా, కుట్టించుకునే మగాడు చెప్పే నడుం కొలత చచ్చినా నమ్మదు. పోయిన నెల గ్రెగర్ వచ్చాడు, కూతురి పెళ్ళని ఒకటే హడావిడి. కొడుకు పెళ్ళిలో గెంతుతుంటే బిగుతైపోయిన పాత కిల్టు నడుం పట్టీ తెగి పరువు పోయిందిగా! అయినా బుద్ధి రాలా. బొడ్డు మీద టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టాడు.

"ముప్పై ఆరే అక్కా, రాసుకో!"

"పొట్టెక్కడ దాచావురా? మీ ఆవిడ పెట్టిన మాంసం కూరిన పై రొట్టెలన్నీ అందులోనే ఉన్నాయి, బయటికి తియ్యి!" అని సూదుల మధ్యనుంచే గొణిగింది.

వాడు పకపకా నవ్వాడు, పొట్ట జారింది. అప్పుడే టేపు చుట్టి నలభై రెండు రాసేసుకుంది. మోకాళ్ళ మీద నిలబెట్టి, కిల్టు అంచు నేలకి తగలకుండా ఉండేలా నడుం నుంచి పొడుగూ కొలిచింది.

నిన్న పెళ్ళిలో చూడాలి! కూతురి చెయ్యి పట్టుకుని గ్రెగర్ గెంతాడు, తిరిగాడు, చెమటలు కక్కాడు. పట్టీ కదిల్తే ఒట్టు! ఇష్బెల్ నోట్లో సూదుల్లేవు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.