డోలక్ వాయించే కండక్టరమ్మ

దెందులూరులో శాలిని ఇల్లెక్కడని అడిగితే, ఆర్టీసీ కండక్టరనే సంగతి తర్వాత గుర్తొస్తుంది జనానికి. "చర్చిలో డోలక్ వాయిస్తుందే, ఆవిడేనా అండీ?" అంటారు ముందు.

శాలిని పుట్టిల్లు కామవరపుకోట. వాళ్ల నాన్న ఎలీయాజరు అక్కడి చర్చిలో డోలక్ వాయించేవాడు. కొడుకులు ఎవరికీ పట్టుబడని ఆ వాయిద్యం కూతురి చేతికి ఇట్టే వచ్చేసింది. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారు దానమ్మకు మాత్రం అది బొత్తిగా నచ్చలేదు. "కోడలుపిల్ల అందరి ముందూ డోలక్ వేసుకు కూర్చుంటే ఏం బాగుంటుందే?" అనేది. శాలిని నవ్వేసి ఊరుకునేది. వాయించడం మాత్రం మానలేదు. ఆదివారం డ్యూటీ పడితే తోటి కండక్టరు ప్రదీప్‌ను బతిమాలుకుని అతనికి అప్పగించి, బదులుగా అతని పండగ డ్యూటీలు తను చేసేది.

అలాంటిది, దానమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక తనంతట తనే మానేసింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఏలూరు–కైకలూరు బస్సులో కాలు పెట్టే చోటుండడం లేదు. ఇంట్లో చూస్తే వంట, అత్తగారి స్నానం, కూతురు క్రిస్టినా క్యారేజీ. ఇన్నింటి మధ్య డోలక్ ఒకటా అనుకుని దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టేసింది.

పనులన్నీ సవ్యంగానే జరిగిపోతున్నాయి. కానీ శాలినికే దేనిమీదా మనసు నిలవడం లేదు. ఒకరోజు కొల్లేరు దాటుతుండగా, చేపల బుట్టతో ఎక్కిన ముసలావిడ ఆధార్ కార్డు వెతుక్కోవడం ఆలస్యమైతే, "త్వరగా తియ్యవమ్మా, నీ ఒక్కదాని కోసమా బస్సు?" అని కసిరింది. ఆవిడ బిత్తరపోయి చూసింది. శాలినికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. దిగేటప్పుడు బుట్ట తనే అందించింది కానీ, ఆ మాట ఇంటిదాకా వెంటే వచ్చింది.

"ఏవండీ, నేను మరీ గయ్యాళినైపోతున్నానా?" అని భర్త నెల్సన్‌ను అడిగింది.

చేపల మేత వ్యాన్ నడిపి అప్పుడే వచ్చిన నెల్సన్ కాళ్లు కడుక్కుంటూ, "గయ్యాళివి కాదు గానీ, నవ్వి చాలా రోజులైంది," అన్నాడు.

ఆ వారమే దానమ్మ కోసం ఇంట్లో ప్రార్థన పెట్టారు. పాస్టరుగారు, చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. పాట ఎత్తుకున్నారు గానీ తలా ఒక దారిన పోతున్నారు. ఒకరు ముగించేసరికి ఇంకొకరు సగంలో ఉన్నారు. మంచం మీద దిండుకి ఆనుకున్న దానమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇక లాభం లేదనుకుని, "శాలినీ! ఏం పాటే ఇది, ఈడ్చినట్టుంది. నీ డోలక్ తియ్యి!" అని కేకేసింది.

గదిలో అందరూ పకపకా నవ్వారు. నెల్సన్ కుర్చీ ఎక్కి డోలక్ దించాడు. తాళ్లు వదులైపోయాయి. శాలిని బిగించి, అరచేత్తో తట్టి చూసుకుని అందుకుంది. రెండో చరణానికి పాట దారిలో పడింది. ఆమె చేతులకు మంట పుట్టింది, అయినా ఆపబుద్ధి కాలేదు.

అందరూ వెళ్లాక భర్తతో చెప్పింది: "ఆదివారం చర్చికి వెళ్తానండి. ఆ పూట వంట మీదే."

"నా వంట మీరు తినగలరా?"

"తింటాం లెండి."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు స్త్రీల సమాజం బాధ్యత కూడా తీసుకోమన్నారు. ఇదివరకైతే మొహమాటానికి సరేననేది. "క్షమించండి అయ్యగారూ, అది నావల్ల కాదు. డోలక్ మాత్రం వాయిస్తాను," అంది. ఆయన నవ్వి, "అది చాలమ్మా," అన్నారు.

ఇంటికొచ్చేసరికి చేపల పులుసు సిద్ధం. చింతపండు ఎక్కువై నోరు పుల్లబడిపోయింది. దానమ్మ కంచం ఖాళీ చేసింది. శాలిని ఇంకొంచెం వడ్డించుకుంది. క్రిస్టినా మాత్రం మజ్జిగ అడిగింది.