సముద్రం మేస్తున్న చప్పుడు

పెద్దమండ్యం దాటాక గుట్ట కింద ఉన్న పల్లె అక్కమ్మది. ఆమె చూడని ఊరు తక్కువ. తిరుపతి చూసింది, ధర్మస్థల చూసింది, వాల్మీకిపురంలో తేరు కదలడం చూసింది. కానీ కొడుకు పెళ్లికి పోయిన కుప్పం తప్ప, మొగుడు రామచంద్రప్ప పక్కన నిలబడి చూసిన ఊరు ఒక్కటీ లేదు. జీవాలున్న ఇంట్లో మొగుడూ పెళ్లాం ఒక్కసారిగా గడప దాటరు. ఒకరు పెళ్లికి పోతే ఇంకొకరు గొర్రెల దొడ్డి దగ్గర ఉండాలి. గిలకకు రెండు బొక్కెనలు కట్టినట్టు వాళ్ల బతుకు: ఒకటి పైకొస్తే ఒకటి కిందికి. మధ్యలో ఎప్పుడో ఒకదాన్నొకటి రాసుకుని పోవడమే.

ఈ ఎండాకాలం ఆ తాడు తెగింది. మదనపల్లెలో మోటార్లు రిపేరు చేసే కొడుకు రవిశంకర్ ఇంటికొచ్చి, మహాబలిపురం పోదామని, సముద్రం పక్కనే రూము తీసుకుని రెండు రాత్రులు ఉండి వద్దామని చెప్పాడు. అక్కమ్మ చేతిలో రాగి పిండి చేట ఉంది. చేట చేతిలోనే ఉండిపోయింది, పిండి మాత్రం గాలికి లేచి ఆమె కనురెప్పల మీద వాలింది.

"సముద్రమా?" అన్నాడు రామచంద్రప్ప. "పెద్దతిప్పసముద్రం పోదాం పద, టికెట్టు తక్కువ."

"ఆడ తాగేదానికే నీళ్లు లేవు నాయనా," అన్నాడు రవి.

"మంద ఎవురు సూస్తారు?"

"నేను సూస్తా," అన్నాడు గోడ అవతలి నుంచి ఆయన తమ్ముడు అంజి. "నీ గొర్రెలకు నీ మొగం సూసి సూసి విసుగొచ్చిందిలేన్నా. పో."

సాకు ఒకటి పోయింది. ఇక రామచంద్రప్ప అసలు మాట చెప్పాడు. "నాకు ఆడ నిద్ర పట్టదు. మీరు పోయి రాండి."

అది సాకు కాదని అక్కమ్మకు తెలుసు. ఆయన మంచం ఎప్పుడూ దొడ్డి కంపను ఆనుకునే ఉంటుంది. చీకట్లో జీవాలు నెమరు వేస్తుంటే, ఆ మెత్తటి చప్పుడు మీద తల పెట్టుకుని పడుకుంటాడు. చప్పుడు ఆగితే చాలు, లేచి కూర్చుంటాడు. ఆగిందంటే నక్క వచ్చిందనో, వాన వస్తోందనో అర్థం. రవి పెళ్లికి కుప్పంలో మంటపం పక్కన మంచి రూమే ఇచ్చారు. తలుపేస్తే చీమ అడుగు కూడా వినపడని రూము. ఆ నిశ్శబ్దంలో రెప్ప వేయలేక, తలంబ్రాల బియ్యం తలలోనే ఉండగా మొదటి బస్సుకు ఊరికి వచ్చేశాడు.

సముద్రం చూడాలన్నది అక్కమ్మకు ఎంత ఆశో, ఆయనతో చూడాలన్నది అంతకు మించిన ఆశ. అందుకే ఆ సాయంత్రం కోడలు భారతిని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చేసింది.

"మ్మే, చప్పుడుండే హోటలు వెతుకు."

రవి ఫోనులో బొమ్మలు చూపించాడు. తెల్లటి పరుపుల మీద తువ్వాళ్లను కొంగల్లా మడిచి పెట్టారు.

"తువ్వాలును కొంగను చేస్తే తుడుచుకునేది దేంతో?" అంది అక్కమ్మ. "ఈ నీలం తొట్టి ఏంది?"

"స్విమ్మింగ్ పూల్ అత్తా."

"అంత సముద్రం పక్కన మళ్లీ తొట్టి యాల? గొర్రెలకా?"

అయినా ఆ పెద్ద హోటలుకు ఫోను చేశారు. అక్కమ్మ ఫోను స్పీకరులో పెట్టించి, సముద్రం వైపు కిటికీ తెరిచి చప్పుడు వినిపించమంది. అవతల అమ్మాయి నవ్వాపుకుంటూ, కిటికీలన్నీ అద్దాలేనని, తెరవడానికి రావని, లోపలికి సూదిమొనంత చప్పుడు కూడా రాదని గర్వంగా చెప్పింది. అక్కమ్మ ఆ పిల్ల మీద జాలిపడి ఫోను పెట్టేయమంది. రెండో చోట కిటికీ తెరిచారు గానీ బస్సుల హారన్లు వచ్చి పెరట్లో పడ్డాయి. దొడ్డిలో పొట్టేలు ఉలిక్కిపడి తల ఎత్తింది.

రామచంద్రప్ప దూరంగా కూర్చుని, ఒక గొర్రెపిల్ల కాలి గిట్టలో దిగిన పల్లేరు ముల్లు తీస్తున్నాడు. వినడం లేదన్నట్టు కూర్చున్నాడు. కానీ ముల్లు ఎప్పుడో వచ్చేసింది. ఆయన వేళ్లు ఇంకా అక్కడే వెతుకుతున్నాయి.

భారతి ఒక్కొక్క హోటలు కింద జనం రాసిన మాటలు చదువుతూ పోయింది. భోజనం బాగుంది, మర్యాద బాగుంది, బాత్రూము బాగలేదు. ఒకచోట ఆగి, "ఇది వద్దులే అత్తా. నాలుగే రూములంట. రాత్రంతా అలల గోల, ఒక్క క్షణం నిద్రపోలేదు, ఎవరూ రాకండి అని తిట్టినాడు ఎవురో," అంది.

అక్కమ్మ లేచి నిలబడింది. "ఇంకోసారి సదువు."

భారతి చదివింది. ఆ తిట్టు అక్కమ్మ చెవుల్లో పాటలా పడింది. ఎవరో నిద్ర చెడి, కోపంతో రాసిన నాలుగు ముక్కలు ఎక్కడినుంచో ఎగిరి వచ్చి ఆమె పెరట్లో మల్లెమొగ్గల్లా రాలాయి.

"అదే హోటలు. ఫోను చెయ్. నువ్వు మాట్లాడు, కుప్పం పిల్లవు, నీకు అరవం వస్తాది గదా."

అవతల ఒక పెద్దావిడ. భారతి తమిళంలో సంగతంతా చెప్పింది: మామకు గొర్రెలున్నాయని, అవి నమిలే చప్పుడు లేనిదే కన్ను మూయడని. అవతల పెద్ద నవ్వు.

"ఏమంటాండాది?" అంది అక్కమ్మ.

"వాళ్లాయన పడవ మనిషంట. చెల్లెలింటికి పోతే ఆ యప్పకూ నిద్ర పట్టదంట. మంచం ఊపమంటాడంట."

ఫోనులో చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు, ఇసుకలో అడుగులు. ఆ తర్వాత అది వచ్చింది. ఒక పెద్ద ఊపిరి. ఆగి, మళ్లీ ఒక ఊపిరి. మధ్యలో సన్నగా, తడిగా, ఏదో కొరుకుతున్నట్టు, కొరికింది నములుతున్నట్టు. మునిమాపు పొద్దులో పెరడంతా ఆ చప్పుడుతో నిండింది. అంజి గోడ మీదికి మోచేతులు చేర్చాడు.

రామచంద్రప్ప పిల్లను కిందికి దించాడు. వచ్చి ఫోను తీసుకుని, చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"మేస్తాండాది," అన్నాడు చివరికి.

అంజి గోడ మీద నుంచి ఇంకాస్త ముందుకు వంగాడు.

"కడుపు నిండినాక నెమరేసే చప్పుడు ఇది. ఎంత పెద్ద మందో ఏమో." ఫోను కోడలి చేతిలో పెట్టి దొడ్డి వైపు నడిచాడు. కంప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "నాకు మంచం వద్దని చెప్పు. చాప చాలు," అన్నాడు.

ఆ వారమంతా అక్కమ్మ కాలు నేల మీద నిలవలేదు. చెనిగ్గింజలు వేయించింది, రాగి మురుకులు చేసింది, పెట్టెలో నిద్రపోతున్న ఆకుపచ్చ చీరను లేపి ఎండకు పెట్టింది. నీళ్లు తోడుతున్నా, పేడ ఎత్తుతున్నా లోపల ఏదో అల లేస్తూనే ఉంది. బావిలో తన ముఖం చూసుకుని, "పోతాండాం," అని చెప్పింది. బావి కూడా అదే మాట అంది.

మదనపల్లెలో బస్సెక్కేదాకా రామచంద్రప్ప బాగానే ఉన్నాడు. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగగానే మాత్రం సంచి తీసుకుని దిగిపోయాడు. ఎదురుగా మదనపల్లె బస్సు పొగ వదులుతూ నిలబడి ఉంది.

"నల్లబొట్టు గొర్రె చూలుతో ఉండాది," అన్నాడు. "నిన్నట్నుంచి దగ్గుతాండాది. నేను పోతా. మీరు సూసి రాండి."

"నాయనా, కుప్పంలో రైలు టైమైతాది," అన్నాడు రవి.

అక్కమ్మ గుండె బొక్కెనలా జారింది. మళ్లీ ఒకరు పైకి, ఒకరు కిందికి. బతిమాలదామని నోరు తెరిచి, మూసుకుంది. బతిమాలితే వచ్చే మనిషి కాదు. రవి జేబులోంచి ఫోను లాక్కుంది.

"అంజీ, యాడుండావు?"

"గుట్ట కింద ఉండా వదినా. మా యన్న వెనక్కి వస్తాండాడా ఏంది?"

"నోరు మూసుకుని ఫోను నల్లబొట్టు గొర్రె మూతి దగ్గర పెట్టు."

తర్వాత ఫోను మొగుడి చెవికి ఆనించింది. డ్రైవరు హారను కొట్టాడు. రామచంద్రప్ప రెండో చెవి మూసుకున్నాడు. ఒక దగ్గు వినపడింది. ఆ తర్వాత గడ్డి పుటుక్కున తెగిన చప్పుడు, ఇంకొకటి, ఇంకొకటి. ఆయన నుదుటి మీది గీతలు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"దుమ్ముకు దగ్గుతాండాది, అంతే," అన్నాడు. "రేయ్ అంజీ, దానికి రవ్వంత బెల్లం పెట్టు." బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, "యాల నిలబడినారు? రైలు టైమైతాదంట," అన్నాడు అందరితో.

కుప్పంలో రైలు వచ్చినప్పుడు అక్కమ్మ మొగుడి చొక్కా అంచు పట్టుకునే ఎక్కింది. ఎందుకైనా మంచిదని.

మర్నాటి మధ్యాహ్నానికి ఆ నాలుగు రూముల ఇంటి ముందు దిగారు. తడిసిన ఉప్పు గాలి, గోడల మీద పెచ్చులు, తువ్వాళ్లు మామూలు తువ్వాళ్లే. పెద్దావిడ రామచంద్రప్పను ఎగాదిగా చూసి నవ్వి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. తలుపులో సముద్రం నిలువెత్తున నిలబడి ఉంది.

రవి, భారతి చెప్పులు విడిచి పరుగెత్తారు. రామచంద్రప్ప గుమ్మంలో చాప పరుచుకున్నాడు. పగలు పడుకున్న కాపరికి మంద దక్కదని ఊళ్లో అందరికీ చెప్పే మనిషి, ఆ పట్టపగలు ఒక పక్కకు ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, అలా నిద్రలోకి జారిపోయాడు.

అక్కమ్మ ఒక్కతే నీళ్ల దాకా పోయింది. ఆకుపచ్చ చీర మోకాళ్ల దాకా తడుపుకుని, కాళ్ల కింద ఇసుక జారుతుంటే కేకలేసి నవ్వి, దోసిట నురగ పట్టుకుని తిరిగి వచ్చింది. గుమ్మం చేరేసరికి దోసిట్లో తడి మాత్రమే మిగిలింది. చాప అంచున ఆయన పక్కన కూర్చుంది.

అల వెనక్కి పోయింది. నిద్రలోనే రామచంద్రప్ప నాలుక అంగిట్లో కొట్టి, దారి తప్పిన గొర్రెను పిలిచే చప్పుడు చేశాడు.

సముద్రం వెనక్కి తిరిగి వచ్చింది.